అది వింత పక్షి కాదండీ, మా అటక మీది గుడ్లగూబ

ఎడిటర్ గారికి నమస్కారాలు.

మాది పర్లాకిమిడి. పేరుకి ఒడిశా, గజపతి జిల్లా, కానీ పొద్దున్న టీ గ్లాసుతోపాటు మీ పేపర్ చేతిలో పడకపోతే నాకు తెల్లారినట్టుండదు. బోర్డర్ అవతల పాతపట్నం మీంచి రావాలి కదా, ఒక్కోరోజు ఎనిమిదైపోతుంది, అయినా అరుగు మీద కూచుని ఎదురుచూస్తాను. ముప్పై రెండేళ్ళు కరెంటు స్తంభాలెక్కి 2021లో రిటైరైన లైన్‌మెన్‌ని. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదలు. రోడ్డు గురించో పెన్షన్ గురించో రాస్తారనుకుంటే గుడ్లగూబ గురించి రాస్తారేటండీ అని మా ఆవిడ వంటింట్లోంచి అంటోంది, వినపడనట్టు ఊరుకున్నాను.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఓ ఫొటో వేశారు. నలుగురు కుర్రాళ్ళు, మధ్యలో తెల్లమొహం పక్షి, ఒక రెక్క ఇటువాడి చేతిలో ఇంకో రెక్క అటువాడి చేతిలో, తడి దుప్పటి పిండడానికి చెరో కొసా పట్టుకున్నట్టు పట్టుకున్నారు, వెనకాల ఇంకొకడు సెల్ఫీ. పైన హెడ్డింగ్ వింత పక్షి కలకలం అని. కింద నాలుగు లైన్లు, దానికి మనిషి ముఖం ఉందని, అరుదైనదని, ఊరు ఊరంతా హడలిపోయిందని, జనం తండోపతండాలుగా వచ్చారని. ఆఖర్న ఊరి పేరు, ఆ ఇల్లుగలాయన పేరు కూడా ఉన్నాయి. ఆ పక్షి తర్వాత ఏమైందో మాత్రం లేదు. మర్నాటి పేపర్లో కూడా వెతికాను, లేదు.

ఎడిటర్ గారూ, అది వింతదీ కాదు అరుదైనదీ కాదు. గుడ్లగూబ. అందులో తెల్లమొహం రకం, మొహం అచ్చం తమలపాకులా ఉంటుంది, చుట్టూ సన్నటి గోధుమరంగు అంచు, నల్లటి కళ్ళు, వీపు మీద పసుపులో బూడిద కలిపి చల్లినట్టుంటుంది. మా అమ్మ చావుపిట్ట అనేది. దీని చుట్టాలు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయట, మనకైతే గుడి గోపురంలో, పాత గోదాంలో, రైసు మిల్లు కప్పు కింద, స్కూలు సీలింగు పైన, ఎక్కడ చీకటి కన్నం ఉంటే అక్కడ ఉంటుంది. మనం పడుకున్నాక బయల్దేరి మనం లేవకముందే వచ్చి పడుకుంటుంది, అందుకని కనపడదు. కనపడనంత మాత్రాన అరుదు అయిపోతుందా, నైట్ డ్యూటీ లైన్‌మెన్ కూడా మీకెవరికీ కనపడడు.

2017లో అనుకుంటా, విశాఖలో కడుతున్న బిల్డింగులో దీని పిల్లలు కనపడితే గ్రహాంతరవాసులు దిగారని వీడియో తీసి వదిలారు, అది అందరి ఫోన్లలోనూ తిరిగింది, మావాడు నాకూ పంపాడు, చూసావా నాన్నా అని. చూసాన్రా, నేరుగానే చూసా, పాత గోదాం మీద వైరు లాగుతున్నప్పుడు రెండుసార్లు అని రిప్లై పెట్టాను. ఆ పిల్లల్ని చూస్తే ఎవరైనా జడుసుకుంటారు, కాదనను. ఒంటి మీద ఈకలుండవు, తెల్లటి నూగు, నిటారుగా నిలబడతాయి, ముక్కు కిందికి వేళ్ళాడుతుంది, పళ్ళూడిన ముసలాయన కంబళి కప్పుకుని కూచున్నట్టుంటాయి. పైగా బుసకొడతాయి. ఆ బుస సంగతే చెప్పాలి మీకు.

మా ఇల్లూ పక్కింటి మావుసి, అంటే ఒడియాలో పిన్ని, ఆవిడ ఇల్లూ ఒకే కప్పు కింద. పాత పెంకుటిల్లు, మధ్య గోడ ఉమ్మడి, ఆ గోడ మీద చెక్కల అటక సగం మాది సగం వాళ్ళది. మావుసి ఒడియా ఆవిడ, అప్పటికే డెబ్భై దాటాయి. మా ఆవిడ తెలుగులో అంటే ఆవిడ ఒడియాలో జవాబిస్తుంది, ఇద్దరికీ ఇద్దరి భాషా వచ్చు కానీ ఎవరూ అవతలివాళ్ళ భాష మాట్లాడరు, ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి, దెబ్బలాడుకోడం కూడా ఇలాగే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, మా జిల్లా మీద ఆ దెబ్బ మీకూ గుర్తుండే ఉంటుంది, స్తంభాలు చెరుకుగడల్లా విరిగి పడున్నాయి, నేను నెల్లాళ్ళు ఇంటికి స్నానానికి మాత్రం వచ్చేవాణ్ణి. అదే గాలికి మా వీధి చివర చింతచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. తాతల నాటి చెట్టు, నిండా తొర్రలు. ఆ తొర్రల్లో ఎవరు కాపరం ఉండేవారో అంతవరకూ ఎవడూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు, తర్వాత తెలిసింది.

డిసెంబర్ వచ్చింది, మార్గశిరం. ఇక్కడో ముక్క చెప్పాలి. ఒడియా వాళ్ళ మార్గశిరం పౌర్ణమి మర్నాటి నుంచి లెక్క, మనది అమావాస్య మర్నాటి నుంచి, అందుకని వాళ్ళ లక్ష్మీ పూజలు, మాణబసా గురువారాలంటారు, మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలైపోతాయి. మావుసి బియ్యప్పిండి కలిపి గుమ్మం నుంచి దేవుడి మూల దాకా ఝోటి ముగ్గులు, లక్ష్మి పాదాలు వేసేస్తుంటే మా ఆవిడ తొంగి చూసి మనకింకా రాలేదులే అనుకుంటుంది. రెండు మార్గశిరాలూ కలిసే వారాలు ఒకటో రెండో వస్తాయి. అలా కలిసిన లక్ష్మివారం రాత్రే, ఇద్దరిళ్ళలోనూ దీపం వెలుగుతుండగానే, అటక మీంచి బుస్సుమని వినపడింది.

పాము అనుకున్నాం. తిత్లీ తర్వాత పాములు ఇళ్ళలోకి రావడం మామూలే అయిపోయింది. నేను నిచ్చెన వేసి, మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు తొడుక్కుని, చేతిలో కరెంటు తీగల పనికి వాడే హాట్‌లైన్ కర్ర పట్టుకుని ఎక్కాను, లైన్‌మెన్ ఇంట్లో పాము కర్ర ఉండదు, అదే ఉంటుంది. టార్చి వేస్తే పాత ట్రంకు పెట్టె వెనకాల మూడు మొహాలు. ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి గుప్పెడంత. మూడూ ఒక్కసారి అటూ ఇటూ ఊగుతూ బుసకొట్టాయి. నేను కదల్లేదు. ఇంతలో నా చెవి పక్కనుంచి తల్లి వెళ్ళింది. వెళ్ళిందని గాలి తగిలితే తెలిసింది తప్ప చప్పుడు లేదండీ, పావురం లేస్తే టపటపమంటుందా, కాకి లేస్తే రెక్క చప్పుడు వినపడుతుందా, ఇది ఏమీ లేదు, అంత పక్షి. దాని రెక్క ముందు అంచుకి దువ్వెన పళ్ళలా సన్నటి పీచు ఉంటుందని, గాలిని అది చీల్చేస్తుంది కాబట్టి చప్పుడు రాదని తర్వాత ఓ ఫారెస్టు గార్డు చెప్పాడు.

దిగి వచ్చి గుడ్లగూబ పిల్లలే అన్నాను. అనకుండా ఉండాల్సింది. మా ఆవిడ అక్కడే కూలబడిపోయింది. చావుపిట్ట ఇంట్లో పిల్లలు పెట్టింది అంటే ఇల్లు పాడుబెట్టాలి, పంతుల్ని పిలిచి శాంతి చేయించాలి, ఇవాళ వారం కూడాను, ముందు దాన్ని తోలెయ్యండి అని. మా అమ్మ ఉన్న రోజుల్లో గూబ అరిస్తే గరిటె తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేది, ఉప్పు చల్లేది, చిటపటమని పేలుతుంటే పోయింది పోయింది అనేది, ఈవిడ గ్యాసు పొయ్యి మీద ఉప్పు చల్లింది, బర్నరు పాడైంది అది వేరే కథ. ఈ గొడవకి మావుసి గోడవతల నుంచి వచ్చింది. ఏటి విషయం అని అడిగి, తెల్లమొహందేనా అని మళ్ళీ అడిగి, అవునన్నాక లోపలికెళ్ళి శంఖం తెచ్చింది. శంఖం ఊది, నాలుక తిప్పుతూ హుళహుళి పెట్టి, లక్ష్మీ ఆసిఛంతి, అంటే లక్ష్మి వచ్చింది, అని అటక వైపు దణ్ణం పెట్టింది. ఒడియాలో దీని పేరు లక్ష్మీ పెచా. లక్ష్మి వాహనం. మార్గశిర గురువారం రాత్రి దీపం పెట్టాక లక్ష్మి తన బండేసుకుని సాక్షాత్తూ ఇంటికొస్తే తోలేస్తారా మీ బుద్ధి ఏమైంది అని ఆవిడ, మీ సగం అటక మీద పెట్టుకోండి మీ లక్ష్మిని అని ఈవిడ. గూడు చూస్తే సరిగ్గా ఉమ్మడి గోడ మీద ఉంది. ట్రంకు పెట్టె మాది, దాని వెనకాల చాప వాళ్ళది.

నేనేం తీర్పు చెప్పగలను. తెల్లవారుజామున మళ్ళీ లైను మీదకి వెళ్ళాలి. లక్ష్మివారం వచ్చినదాన్ని మార్గశిరం అయ్యేదాకా కదపకూడదు, ఆ తర్వాత ఉంటే అప్పుడు చూద్దాం అని మా ఆవిడే ఓ మాట అనుకుంది. ఆ గడువు చాలు వాటికి. గుడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచి ఎగరడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. సంక్రాంతి దాటాక పెద్దవి రెండూ ఎగిరిపోయాయి. చిన్నది మధ్యలోనే కనపడ్డం మానేసింది. తల్లి ఒకేసారి గుడ్లన్నీ పెట్టదు, రెండేసి రోజుల తేడాతో పెడుతూ మొదటిదాని నుంచే పొదుగుతుంది కాబట్టి పిల్లలు మెట్లు మెట్లుగా ఉంటాయి, తిండి చాలకపోతే ఆఖరిది బతకదు. అది చెప్తే మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

అలాగని ఆవిడ మారిపోయిందనుకోకండి. ఇప్పటికీ అది అరిస్తే థూ థూ అంటుంది. దాని అరుపు కూడా అలాంటిదే లెండి, హూ హూ అని సినిమాల్లోలా ఉండదు, గుడ్డ చింపినట్టు కీచుమని ఒక్క కేక. కానీ బియ్యం బస్తా కొరకడం ఆగిపోయిందని ముందు కనిపెట్టింది ఆవిడే. మా వీధిలో పందికొక్కుల బాధ మామూలుగా ఉండదు, కాలవ గట్టు నుంచి వస్తాయి, నా గమ్‌బూటు కూడా కొరికేశాయి ఒకటి. మనవడు సెలవలకొచ్చినప్పుడు అటక కింద పడున్న నల్లటి ఉండలు చూపించి ఇదేంటి తాతా అన్నాడు. గుడ్లగూబ ఎలుకని దాదాపు అమాంతం మింగేస్తుంది, బొచ్చూ ఎముకలూ అరగవు, అవి ఉండలా చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. నీళ్ళలో నానేసి టూత్‌పిక్‌తో విడదీశాం, నాలుగు ఉండల్లో తొమ్మిది పుర్రెలు లెక్కతేలాయి, చిన్న చిన్న పుర్రెలు, పళ్ళు పసుపురంగు. వాడు వాటిని అట్టముక్క మీద అంటించి స్కూలుకి తీసుకెళ్ళాడు, టీచరమ్మ ముందు ఛీ అందట, తర్వాత మార్కులు వేసిందట.

చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు దానికి, ఒకటి కాస్త పైకి ఒకటి కాస్త కిందికి, గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడు ఏ చెవిని ముందు తాకిందో, ఏ చెవికి గట్టిగా వినపడిందో దాన్నిబట్టి చిమ్మచీకట్లో కూడా వెళ్ళి పట్టేస్తుంది. కళ్ళు మాత్రం మనలా తిప్పలేదు, బల్బు హోల్డర్లో బిగించినట్టు బిగుసుకుని ఉంటాయి, అందుకే మెడ తిప్పుతుంది, మన మెడలో ఎముకలు 7 అయితే దానికి 14, దాదాపు 270 డిగ్రీలు తిరుగుతుంది. మనవాళ్ళు భయపడేది ఈ మెడ చూసే.

పొలాల్లో అగ్రికల్చర్ వాళ్ళు టీ ఆకారంలో కర్రలు పాతమని చెప్తారు, పక్షి స్థావరాలని, గుడ్లగూబ రాత్రి దాని మీద వాలి ఎలుకల్ని పడుతుందని. లక్షద్వీప్ కవరత్తిలో కొబ్బరి చెట్ల మీద ఎలుకల్ని తట్టుకోలేక ఈ తెల్లమొహం గూబల్నే తీసుకెళ్ళి ప్రాజెక్టు పెట్టారు. ఇక్కడేమో ఒక చేత్తో కర్ర పాతుతాం రెండో చేత్తో బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపిన నూకలు పెడతాం. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది, మత్తుగా తిరిగే ఎలుకే గూబకి సులువుగా దొరుకుతుంది, దాన్ని తిని ఇదీ పోతుంది. ఎలుకల మందు వెయ్యొద్దని రైతుకి చెప్పే మొహం నాకు లేదు, చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టమని మాత్రం చెప్తున్నాను, ఎవరూ వినట్లేదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. పక్షి ఒక్క తీగ మీద కూచుంటే దానికేం కాదు, చాలామందికి ఇది అర్థం కాదు, కరెంటుకి దారి కావాలి, ఒక్క తీగే పట్టుకుంటే దారి లేదు. రెక్క చాపినప్పుడు తీగకీ స్తంభం మీది అడ్డ ఇనప కమ్మీకీ, మేం క్రాస్ ఆర్మ్ అంటాం, ఒకేసారి తగిలిందా, అయిపోయినట్టే. పిచ్చికకి ఆ సైజు లేదు. గుడ్లగూబకి రెక్కలు చాపితే దాదాపు మూడడుగులు, పొలాల్లో పదకొండు కేవీ స్తంభం దానికి బ్రహ్మాండమైన మంచె. ఫీడర్ ట్రిప్పయిందని, అంటే లైను దానంతటదే ఆగిపోయిందని, రాత్రి వెళ్ళి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కింద కాలి పడుండేవి. నా సర్వీసులో ఎన్నో చూశాను, లెక్క రాయలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగలు కలిసే చోట, అంటే బుషింగులకీ జంపర్లకీ, ప్లాస్టిక్ తొడుగులు వేస్తే చాలావరకూ ఆగుతాయి, మేం అడిగితే స్టోర్స్‌లో లేవనేవారు, పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టేవాళ్ళం, వానకి ఊడిపోయేది. అది కాదు నా తప్పు. కొత్తల్లో ఓసారి అలా పడున్న గూబ దగ్గరికి ఎవడో పెద్దాయన వచ్చి బాబూ దాని కాళ్ళు కావాలి మందుకి అన్నాడు. ఇచ్చేశా. యాభై రూపాయలు చేతిలో పెట్టాడు. తీసుకున్నా.

సబ్‌స్టేషన్ యార్డులో తీతువు సంగతి కూడా ఇలాంటిదే. అది చెట్టెక్కదు, కంకర్లోనే నాలుగు గుడ్లు పెడుతుంది, గుడ్డుకీ కంకర రాయికీ తేడా తెలీదు, మా ఆపరేటర్ చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి ఎవడూ తొక్కకుండా చూసేవాడు. తీతువు కూస్తే చావు కబురని ఊళ్ళో భయం, నైట్ డ్యూటీలో మాకు మాత్రం వాచ్‌మన్ కన్నా అదే నయం, యార్డు గేటు దగ్గర మనిషి గానీ పాము గానీ కదిలితే ముందు అదే అరిచేది. పాలపిట్టకి ఈ బాధల్లేవు, అందరికీ ముద్దే. దసరా పొద్దున్న జనం నన్ను ఆపి ఏ లైను మీద ఉందన్నా పాలపిట్ట అని అడిగేవారు, నాకు తెలిసినవి మూడు స్తంభాలున్నాయి, చెప్పేవాణ్ణి. మా ఒడిశాకి అది రాష్ట్ర పక్షి, తెలంగాణకీ అదే, ఆంధ్రా వాళ్ళు 2018లో రామచిలకకి మారిపోయారు, కాబట్టి పాతపట్నం గేటు దాటితే పాలపిట్టకి ఉద్యోగం పోయినట్టే. సరే, ఇది ఊరికే అన్నాను.

అరుదు అనే మాట దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఆ మాట మీద నాకు కోపం ఉంది. నిజంగా అరుదైన గుడ్లగూబ ఒకటుంది మన దేశంలో. పైడికంటి పిట్ట తెలుసు కదా, గుప్పెడంత గూబ, ఒంటి మీద తెల్లచుక్కలు, సాయంత్రం పూట కరెంటు తీగ మీద జంటగా కూచుని కిచకిచలాడుతుంది. దాని అడవి చుట్టం ఒకటి, ఇంగ్లీషులో ఫారెస్ట్ ఔలెట్ అంటారు. 1872లో దొరికిన పిట్టని 1873లో కొత్త జాతి అని రాశారు. తర్వాత మరో అరడజను దొరికాయి, వాటిలో ఒకటి మన ఒడిశా ఖరియార్ వైపు దొరికిందట. 1884 తర్వాత మళ్ళీ కనపడలేదు. మధ్యలో ఓ ఇంగ్లీషు దొర 1914లో నేను పట్టానని చూపించుకున్నాడు గానీ అది మ్యూజియంలోంచి దొంగిలించిన పాత పిట్టే అని తేలింది. ఆఖరికి 1997లో పమేలా రాస్ముస్సేన్ అనే ఆవిడ, ఇంకో ఇద్దరూ మహారాష్ట్రలో షహాదా దగ్గర కొండల్లో పట్టపగలు చెట్టు మీద కూచున్నదాన్ని చూశారు. 113 ఏళ్ళు. అలాంటిదానికి దాచుకోవాల్సిన మాట అది. మీరు దాన్ని రైసు మిల్లు గూబకి ఖర్చు పెట్టేస్తున్నారు.

ఇలాంటిదే ఇంకోటి, చనువు కొద్దీ చెప్తున్నాను. టెక్కలి దగ్గర తేలినీలాపురం కొంగల మీద ఏటా అన్ని పేపర్లూ సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు అని వేస్తాయి. ఆ గూడబాతులు, ఆ ఎర్రకాళ్ళ కొంగలు మన దేశంలో పుట్టి పెరిగినవే, నెల్లూరు వైపు నేలపట్టులో కూడా గూళ్ళు కడతాయి. వాటికి వీసా ఎందుకండీ.

ఇక అసలు సంగతి, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం. 2022లో మా అటక మీద మళ్ళీ పిల్లలు పెట్టింది. మనవడు ఫొటో తీసి ఎక్కడో పెట్టాడు, అది చూసి ఓ లోకల్ ఛానెల్ కుర్రాడు మైకు పట్టుకుని వచ్చాడు, నేనూ సరదా పడి నిచ్చెన వేసిచ్చాను, మావుసి శంఖం ఊదడం కూడా తీసుకున్నారు, వీధి పేరుతో సహా చూపించారు. దీపావళికి వారం ముందు ఇద్దరు వచ్చారు. మాట తెలుగూ కాదు ఒడియా కాదు, హిందీలో మొదలుపెట్టారు. పెద్దది కావాలి, చిన్నవి అక్కర్లేదు, ఎంతైనా ఇస్తాం అన్నారు. దీపావళి అమావాస్య రాత్రి లక్ష్మి కదలకుండా ఇంట్లో ఉండిపోవాలంటే ఆమె వాహనాన్ని బలివ్వాలని ఎవడో ఎక్కడో పుట్టించిన మాట, దానికి దేశమంతా వ్యాపారం. వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా అనే సంస్థ 2010లో దీని మీద రిపోర్టు వేసింది, మన దేశంలో ఉండే 30 రకాల గుడ్లగూబల్లో 15 రకాలు అమ్మకంలో కనపడ్డాయని. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం, పెంచుకోడం అన్నీ నేరమే, జైలుంది. అది చెప్తే వాళ్ళు నవ్వారు.

అప్పుడు మా ఆవిడ బయటికొచ్చింది. చావుపిట్ట అని ఉప్పు చల్లిన మనిషే. ఎవర్రా మీరు, మా ఇంట్లో పురుడు పోసుకున్నదాన్ని కొనుక్కుంటారేటి అని చీపురు తీసింది. గోడవతల నుంచి మావుసి ఒడియాలో అందుకుంది, ఏం తిట్టిందో నేనిక్కడ రాయలేను. వాళ్ళు వెళ్ళిపోయారు. కానీ ఆ దీపావళికి మావుసి వాళ్ళు పెద్దల్ని పిలుస్తూ జనపకట్టెలు వెలిగిస్తుంటే నేను మాత్రం రాత్రంతా అరుగు మీద టార్చి పట్టుకుని కూచున్నాను, ముప్పై ఏళ్ళు చేసిన నైట్ డ్యూటీ ఒక ఎత్తు ఇది ఒక ఎత్తు.

అందుకే మీ ఫొటో కింద ఊరి పేరు, ఇంటాయన పేరు చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. మీ రిపోర్టర్ అబ్బాయి చెడ్డగా వెయ్యలేదు, ఏదో నాలుగు లైన్లు పంపాలి కాబట్టి పంపాడు. ఆ నాలుగు లైన్లలోనే పక్షి పేరు గుడ్లగూబ అని రాస్తే సరిపోయేది. పిల్ల కింద పడితే గూటికి దగ్గరగా ఎత్తులో పెట్టేస్తే తల్లి రాత్రికి వచ్చి చూసుకుంటుందని, మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది వట్టి మాటని, పాలూ అన్నం పెట్టకూడదని రాయొచ్చు. ఇంట్లో దూరితే లైటు ఆర్పి కిటికీ తెరిచి పక్కకి తప్పుకుంటే అదే పోతుంది. దెబ్బ తగిలితే కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి ఫారెస్టు రేంజ్ ఆఫీసుకి చెప్పాలి. పగలు కాకులు వెంటపడి పొడుస్తుంటే, అవి పొడుస్తాయి, కాకికీ గూబకీ పగ ఈనాటిది కాదు, కాసేపు కాకుల్ని అదిలిస్తే చాలు, పట్టుకుని ఫొటో దిగక్కర్లేదు. ఇంతా కలిపి మీ కలకలం కన్నా రెండు లైన్లు ఎక్కువ అవుతుందేమో. దసరాకీ దీపావళికీ మధ్య అయితే ఊరి పేరు అసలు వెయ్యకండి, జిల్లా పేరు చాలు.

ఆ నలుగురు కుర్రాళ్ళ చేతిలోది ఏమైందో మీ రిపోర్టర్‌ని అడిగి ఒక్క ముక్క వెయ్యండి.

మా అటక మీద ఈ ఏడు మళ్ళీ ఉన్నాయి. నాలుగో అయిదో, నిచ్చెన ఎక్కొద్దని మా ఆవిడ ఆర్డరు కాబట్టి బుస విని లెక్కపెడుతున్నాను. మనవడు తీసిన ఫొటో ఉంది, పంపించట్లేదు. ఈ ఉత్తరం వేస్తే కింద నా పేరు గానీ వీధి గానీ వెయ్యకండి, పర్లాకిమిడి అంటే ఊరు పెద్దదే, వెతుక్కోనివ్వండి.

ఇట్లు
ఓ పాత లైన్‌మెన్
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా